క్వాడ్ బైక్‌కి మొదటి ట్రెయిల్: మ్యాప్‌లో ‘ఈజీ’ అని ఉంటే సరిపోదు

ప్రశ్న: నేనూ మా ఆవిడా చెరో క్వాడ్ బైక్ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) తీసుకున్నాం. ఖాళీ మైదానంలో ఓ నాలుగుసార్లు తిప్పాం, బానే ఉంది. ఇప్పుడు ట్రెయిల్ మీదికి, అంటే అడవుల్లో, కొండల్లో ఉండే మట్టిదారుల మీదికి వెళ్లాలని ఉంది. కొత్తవాళ్లకు తేలికగా ఉండే దారి ఎలా వెతుక్కోవాలి? యాప్‌లలో ‘ఈజీ’ అని రాసినవాటిని నమ్మొచ్చా?

జవాబు:

అలాగే నమ్మేయకండి. అక్కడ అబద్ధం రాస్తారని కాదు. ఆ ‘ఈజీ’ ఏ బండికి, ఏ కాలంలో, ఎవరి చేతికి అన్నది రాయరు. యాప్‌లలో రేటింగ్ ఇచ్చేవాళ్లలో చాలామంది జీపుల వాళ్లు, లేదా పదేళ్లుగా క్వాడ్ నడుపుతున్నవాళ్లు. జీపుకు తేలికైన దారి క్వాడ్‌కి ప్రమాదం కావచ్చు. ఎందుకో చూడండి. వానల్లో జీపులు తిరిగిన మట్టిదారిలో రెండు లోతైన గాడులు పడతాయి, వాటి మధ్య దూరం మీటరున్నర పైనే ఉంటుంది. క్వాడ్ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం మాత్రం మీటరు అటూ ఇటూ. అంటే మీ రెండు చక్రాలూ ఆ రెండు గాడుల్లో ఒకేసారి పట్టవు. ఒకటి గాడిలోకి దిగుతుంది, రెండోది మధ్య గట్టు మీద ఉంటుంది, బండి పక్కకి ఒరుగుతుంది. జీపు వాడు ఆ గాడి పట్టుకుని హాయిగా వెళ్లిపోయి ‘ఈజీ’ అని రాసేస్తాడు.

కాబట్టి దారి మొత్తం మీద సగటున ఎలా ఉందన్నది పక్కన పెట్టండి. 12 కిలోమీటర్ల దారిలో అన్నిటికంటే చెడ్డ 50 మీటర్లు ఎక్కడున్నాయి, అక్కడ బండి ఆగిపోతే వెనక్కి తిప్పుకోవడానికి చోటుందా? ఈ రెండూ తెలిస్తే ఆ దారి మీకు తగినదో కాదో తెలిసినట్టే. కింద రాసేదంతా ఆ 50 మీటర్లను ఇంట్లో కూర్చుని ముందే పట్టుకోవడం గురించే.

మొదట కొలతలు అనుకుందాం. మొదటి రెండు మూడు రైడ్లకు మొత్తం దూరం 10 నుంచి 15 కిలోమీటర్లు చాలు. కొత్త చేతికి ట్రెయిల్ మీద సగటు వేగం గంటకు 10 నుంచి 15 కిలోమీటర్లే వస్తుంది, ఆగడాలు కలుపుకుంటే రెండు గంటలు పడుతుంది. గంట దాటాక థ్రాటిల్ (యాక్సిలరేటర్) నొక్కే బొటనవేలు, ముంజేతులు పట్టేస్తాయి. తిరుగు ప్రయాణంలో తప్పులు జరిగేది ఎక్కువగా అందుకే. వాలు చాలావరకు 10 శాతం (100 మీటర్ల దూరానికి 10 మీటర్ల ఎత్తు) లోపు ఉండాలి, అక్కడక్కడ చిన్న ముక్క 15 శాతం ఉన్నా ఫర్వాలేదు. 15 శాతం అంటే కోణంలో ఎనిమిదిన్నర డిగ్రీలు. చాలా క్వాడ్‌ల మాన్యువల్లో గరిష్ఠంగా 15 లేదా 25 డిగ్రీల వాలు అని ముద్రించి ఉంటుంది. అది బండి హద్దు, కొత్తవాళ్ల హద్దు కాదు. వెడల్పు రెండున్నర మీటర్లు ఉంటే ఎదురుగా వచ్చేవాళ్లకు కాస్త పక్కకి జరిగి దారివ్వొచ్చు. వాగు ఉంటే నీళ్లు చక్రం మధ్య బొడిపె అందనంత లోతులోనే ఉండాలి, అడుగు కనిపించాలి.

ఇక దారికి చట్టం సంగతి. దారి కనిపించినంత మాత్రాన బండి నడిపే హక్కు ఉన్నట్టు కాదు. అడవి దారి, తోట దారి, గుర్రాల దారి, నడక దారి అన్నీ పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. ఆ భూమి ఎవరిదో వాళ్ల మ్యాప్‌నే ముందు చూడండి. కొన్నిచోట్ల బండి వెడల్పుకీ హద్దు ఉంటుంది. ఉదాహరణకు అమెరికా అటవీ శాఖ చాలా ట్రెయిల్స్‌ను 50 అంగుళాల వెడల్పు లోపు బళ్లకే వదులుతుంది. ఏ దారి ఏ బండికి, ఏ నెలల్లో తెరిచి ఉంటుందో చెప్పే మ్యాప్‌లు వేరే ఇస్తుంది. ఈ వెడల్పు హద్దు కొత్తవాళ్లకు మేలే చేస్తుంది: జీపులు రాని దారిలో జీపు గాడులు ఉండవు. అలాంటి ట్రెయిల్స్‌కు ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం అని గుర్తులు పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆకుపచ్చతోనే మొదలుపెట్టండి. అయినా సరే, కింద చెప్పిన తనిఖీ మాత్రం మానొద్దు.

కాంటూర్ గీతలున్న మ్యాప్ తీసుకోండి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసినవే ఈ గీతలు. గీతకూ గీతకూ ఎత్తు తేడా ఎంతో మ్యాప్ అంచున రాసి ఉంటుంది. 10 మీటర్లు అనుకుందాం. దారి రెండు పక్క గీతలను 100 మీటర్ల ఎడంలో దాటితే వాలు 10 శాతం. 50 మీటర్ల ఎడంలో దాటితే 20 శాతం, అది మీకొద్దు. 1:25,000 స్కేలు మ్యాప్‌లో ఒక మిల్లీమీటరు అంటే 25 మీటర్లు కాబట్టి దారి మీద గీతల మధ్య 4 మిల్లీమీటర్లు ఉంటే 10 శాతం, 2 మిల్లీమీటర్లకు దగ్గరైతే 20. స్కేలు పెట్టి దారి పొడవునా కొలవండి, పావుగంట పని. ఇంకో సంగతి: దారి గీతలకు అడ్డంగా వెళ్తే ఎక్కుడో దిగుడో. గీతల వెంట సాగుతూ, అవి బాగా ఒత్తుగా ఉంటే మీరు కొండ పక్కవాలు మీద ఉన్నట్టు. యంత్రంతో తొలిచి వేసిన దారైతే అక్కడా నేల సమంగానే ఉంటుంది. బళ్లు తిరిగి తిరిగి పడ్డ దారైతే నేల కూడా లోయవైపు ఒరిగే ఉంటుంది. పక్కవాలు మీద క్వాడ్ ఎక్కుడు మీద కంటే తొందరగా బోల్తా కొడుతుంది, ఎందుకంటే దాని పొడవు కంటే వెడల్పు తక్కువ, పైగా మీ బరువు పైనుంటుంది.

యాప్‌లో కనిపించే ఎత్తుల గ్రాఫ్‌ను మరీ నమ్మొద్దు. ఉచితంగా దొరికే ఎత్తుల డేటా చాలావరకు 30 మీటర్ల గళ్లలో ఉంటుంది. అంటే ఒక్కో గడికి ఒకే ఎత్తు. అర మీటరు రాతి మెట్టు, మూడు మీటర్ల వెడల్పున్న వాగు గండి ఆ గడిలో మాయమైపోతాయి. కొండవాలు మీద తొలిచిన దారిలో ఇంకోలా తప్పుతుంది: మ్యాప్‌లో దారి గీత రెండు మీటర్లు పక్కకి జరిగినా పక్క గడి ఎత్తు తీసుకుని లేని గుట్టను చూపిస్తుంది. గ్రాఫ్ పెద్ద వాలును చెబుతుంది, చిన్న ఉపద్రవాన్ని చెప్పదు.

ఆ చిన్నదాన్ని పట్టించేది శాటిలైట్ బొమ్మ. దారిని పెద్దది చేసి మొదటి నుంచి చివరి దాకా వేలుతో నడిచినట్టు చూడండి. రెండు సమాంతర చారలు, మధ్యలో గడ్డి ఉంటే నాలుగు చక్రాల బళ్లు తిరుగుతున్నాయని. ఒక్కటే సన్నటి చార ఉంటే అది కాలిబాటో, మోటార్‌సైకిల్ బాటో. ఒకటిగా వచ్చిన దారి ఒకచోట జడపాయల్లా మూడు నాలుగుగా విడిపోయి మళ్లీ కలిసిందా? అక్కడ బురద గుంత ఉందని, వచ్చినవాళ్లంతా తప్పించుకుని పక్కనుంచి వెళ్లారని అర్థం. మీరు వెతుకుతున్న చెడ్డ 50 మీటర్లు చాలాసార్లు అదే. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల బొమ్మలు కూడా ఉంటాయి, ఆ జడపాయలు వానల తర్వాత బొమ్మలో పెరుగుతున్నాయో లేదో పోల్చి చూడండి. దారి చారకు అడ్డంగా ముదురు నీడ కనిపిస్తే అది గట్టో గండో. ఉదయం తీసిన బొమ్మల్లో నీడలు పొడుగ్గా ఉండి ఇలాంటివి బాగా బయటపడతాయి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) ఆధారంగా నడిచే యాప్ వాడుతుంటే దారి మీద నొక్కి ‘ట్రాక్‌టైప్’ చూడండి. గ్రేడ్ 1 అంటే తారు లేదా బాగా దిమ్మిస చేసిన గట్టి నేల, గ్రేడ్ 2 కంకర లాంటి గట్టి దారి, గ్రేడ్ 3 గట్టి మెత్తన కలిసింది, 4, 5 మెత్తటి మట్టి. కొత్తవాళ్లకు 2, 3 సరి. ఈ గ్రేడ్ నేల గట్టిదనానికే, వాలుకి సంబంధం లేదు. గ్రేడ్ 2 దారి కొండ మీదికి నిటారుగానూ ఉండొచ్చు.

వీడియోలు చూసేటప్పుడు ఒక మోసం ఉంది. హెల్మెట్ కెమెరాల వెడల్పు లెన్స్ వాలును చదును చేసి చూపిస్తుంది. వీడియోలో మామూలుగా కనిపించిన ఎక్కుడు దగ్గరికెళ్తే గోడలా ఉంటుంది. అందుకని దారిని కాదు, నడిపేవాళ్లను చూడండి. ముందున్న మనిషి సీటు మీంచి లేచి హ్యాండిల్ మీదికి వంగాడా? ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా బరువెక్కిందా? హ్యాండిల్‌బార్ ఆకాశపు గీతతో పోలిస్తే పక్కకి ఒరిగి ఉందా? ఆ మూడు చోట్లా వీడియో ఆపి, ఆ చోటు మ్యాప్‌లో ఎక్కడో గుర్తు పెట్టుకోండి.

తెలిసినవాళ్లను అడిగేటప్పుడు కూడా ‘ఈజీయేనా’ అని అడక్కండి. అందరూ ‘ఆఁ, ఈజీయే’ అంటారు. జవాబు ఉన్న ప్రశ్నలు అడగండి. ఈ దారిలో కొత్తవాళ్లు ఎక్కడ ఆగిపోతారు? ఏ ఎక్కుడులోనైనా లో గేర్ వేయాల్సి వస్తుందా? వాన పడ్డ ఎన్ని రోజులకు దారి ఆరుతుంది? రెండు బళ్లు ఎదురైతే తప్పుకోవడానికి చోట్లు ఎక్కడున్నాయి? ఆఖరుగా ఎప్పుడు వెళ్లారు? ఈ చివరి ప్రశ్నకు ‘పోయినేడాది’ అంటే మిగతా జవాబులన్నీ పాతవే. ఒక్క వానాకాలం దారిని మార్చేస్తుంది.

చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చే లూప్ దారి మంచిదా, వెళ్లిన దారినే తిరిగొచ్చేది మంచిదా? మొదటిసారి వెళ్లిన దారినే రావడం మంచిది. ఎప్పుడైనా ఆగి వెనక్కి తిరగొచ్చు, తిరిగొచ్చేటప్పుడు తెలియని చోటు ఉండదు. ఒక్క షరతు: దిగేటప్పుడు సులువనిపించిన ప్రతి వాలునూ తిరిగి ఎక్కాలి. దిగే ముందు అక్కడే ఆగి, ‘ఇది ఎక్కగలనా’ అని చూసుకోండి. లూప్‌లో ఇలాంటి బేరం కుదరదు, 8 కిలోమీటర్లు వెళ్లాక చెడ్డ చోటు వస్తే ముందుకీ కష్టం, వెనక్కీ కష్టం. నిటారు ముక్క ఉన్న లూప్‌ను ఎటు తిరిగితే మేలు అని కొందరు లెక్కలేస్తారు. ఆ ముక్క ఎక్కడానికి కష్టమైతే దిగడానికీ కష్టమే, ఆ లూప్‌ను మొదట్లో వదిలేయండి.

దారి ఎక్కడ మొదలవుతుందన్నది చాలామంది చూడరు. బండి దించిన చోటి నుంచి నేరుగా మట్టి మీదికి వెళ్లగలగాలి. మూడు కిలోమీటర్లు తారు మీద నడిపాక ట్రెయిల్ వస్తుందంటే ఆ మూడు కిలోమీటర్లే ప్రమాదం. చాలా క్వాడ్‌లకు వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టి మీదైతే ఒకటి జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, పట్టుకుంటుంది. బండి తిరగనని మొండికేస్తుంది, బలవంతంగా తిప్పితే లోపలి చక్రం లేస్తుంది.

మట్టి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. వాన తర్వాత వెళ్లొచ్చా అన్నదానికి రోజుల లెక్క కంటే చేతి పరీక్ష మేలు. దారి మొదట్లో గుప్పెడు మట్టి తీసుకుని, పొడిగా ఉంటే కొన్ని చుక్కల నీళ్లు పోసి పిసకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా పైకి తోయండి. పట్టీ రాకుండా విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ. కొంచెం తడిసిన ఇసుక నేల పొడి దానికంటే గట్టిగా పట్టిస్తుంది, వెళ్లొచ్చు. పట్టీ 5 సెంటీమీటర్లు దాటి సాగితే బాగా బంకమట్టి. అది తడిగా ఉంటే టైరు గళ్లలో నిండి టైరు నున్నగా అయిపోతుంది, రెండు శాతం వాలులో కూడా బండి పక్కకి జారుతుంది. ఆ రోజుకి వద్దు. మీ చక్రాలు ఆ తడిలో వేసే గాడులు ఎండాక రాయిలా గట్టిపడి తర్వాత వచ్చేవాళ్లను ఇబ్బంది పెడతాయి కూడా. పొడి ఇసుక మెట్టలు కొత్తవాళ్లకు తేలికని అనుకుంటారు, పడితే దెబ్బ తగలదని కాబోలు. మెట్ట అవతల ఏముందో, ఎవరొస్తున్నారో కనిపించదు. మొదట్లో అవి వద్దు.

బండి వైపు ఒక్క విషయం మాత్రం వివరంగా చెబుతాను: టైర్ల గాలి. క్వాడ్ టైర్లలో మామూలుగా 4 నుంచి 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్లో లేదా బండి మీద అతికించిన లేబుల్‌లో ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన పెద్ద అంకె నడిపేటప్పుడు పెట్టాల్సిన గాలి కాదు, టైరును రిమ్ములో కూర్చోబెట్టేటప్పుడు దాటకూడని హద్దు. కారు టైర్ల గేజీ ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపదు, తక్కువ పీఎస్ఐ గేజీ విడిగా కొనుక్కోండి. 5 పీఎస్ఐ దగ్గర ఒక్క పీఎస్ఐ తేడా అంటే 20 శాతం. ఎడమ టైరులో 5, కుడి టైరులో 4 ఉంటే బండి ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంది, మీరేమో మీకు నడపడం రాలేదనుకుంటారు. గాలి ఎక్కువైతే ప్రతి రాయి మీదా బంతిలా ఎగురుతుంది. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే నాలుగూ చూడండి. పెట్రోలు మూడు వాటాలు: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోనిది. హెల్మెట్, గాగుల్స్, చేతి తొడుగులు, మడమ కప్పే బూట్లు లేకుండా బండెక్కొద్దు. ఒక్కరి సీటున్న బండి మీద రెండోవాళ్లను ఎక్కించుకోవద్దు, పెద్దల బండి పిల్లలకివ్వొద్దు.

దారి మీద ముందుగా ఒక అలవాటు చేసుకోండి: ఏం జరిగినా కాలు నేలకి ఆనించకూడదు. మోటార్‌సైకిల్ అలవాటున్నవాళ్లు బండి ఒరగ్గానే కాలు పెడతారు. క్వాడ్‌లో ఆ కాలు మీదికి వెనక చక్రం ఎక్కేస్తుంది. మలుపులో లోపలివైపు వంగండి, బయటి కాలితో ఫుట్‌రెస్ట్‌ను గట్టిగా తొక్కండి. చూపు వెళ్లాల్సిన చోట ఉండాలి. గుంతనే చూస్తూ ఉంటే బండి గుంతలోకే పోతుంది.

అనుమానం వచ్చిన చోట బండి ఆపి, దిగి, నడిచి చూసి రండి. అక్కడ మూడే చూడాలి: గాడి ఎంత లోతు, వదులు రాళ్లు ఎంత పెద్దవి, చివర తిప్పుకోవడానికి చోటుందా. క్వాడ్ ఒక్క తిప్పులో వెనక్కి తిరగాలంటే ఆరేడు మీటర్ల వెడల్పు కావాలి, అడుగులతో కొలిస్తే తొమ్మిది పది అంగలు. గాడి లోతు బండి అడుగుభాగం ఎత్తులో సగం దాటితే మొదట్లో వెనక్కి తిరగండి. ఫోర్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందించేది) ఉంటే దాంతో అలాంటి చోటి లోపలికి వెళ్లకండి. టూవీల్‌లో వెళ్లండి, ఇరుక్కుంటే బయటపడడానికి ఫోర్‌వీల్ చేతిలో ఉంటుంది. మొదటే ఫోర్‌వీల్‌లో దూరితే ఇరుక్కునే చోటు ఇంకా లోపల ఉంటుంది, అంతే తేడా.

ఎక్కుడు మొదలయ్యే ముందే గేర్ తగ్గించండి, ఒంటిని ముందుకి వంచండి, సమంగా థ్రాటిల్ ఇవ్వండి. సగంలో శక్తి చాలక ఆగిపోయేలా ఉంటే ఇంకా రేజ్ చేయకండి. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఆ క్షణంలోనే ఉంది. ముందుకి కదలడం ఆగగానే బ్రేకులు పట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఎత్తువైపు దిగండి. అప్పటికే వెనక్కి జారుతుంటే వెనక బ్రేకు గట్టిగా నొక్కొద్దు. బరువు ముందుకి వేసి, ముందు బ్రేకును మెల్లగా పట్టుకోండి. దిగుడులో దీనికి వ్యతిరేకం: ఒళ్లు వెనక్కి, లో గేర్, న్యూట్రల్ మాత్రం ఎప్పుడూ వద్దు. బెల్టుతో నడిచే ఆటోమేటిక్ బళ్లలో థ్రాటిల్ పూర్తిగా వదిలేసి బాగా నెమ్మదిస్తే క్లచ్ విడిపోయి బండి ఉన్నట్టుండి వదులుగా పరుగెత్తుతుంది. ఇంజిన్ పట్టు పోయిందనిపిస్తే భయపడకుండా థ్రాటిల్‌ను ఒక్క ఇసుమంత ఇవ్వండి, క్లచ్ మళ్లీ పట్టుకుని ఇంజిన్ బండిని ఆపుతూ దింపుతుంది. మొదటిసారి దీన్ని కొండ మీద కాకుండా, మైదానం అంచున చిన్న గట్టు మీద ప్రయత్నించి చూడండి. నీళ్లలోంచి బయటికి రాగానే బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కుతూ ఆరబెట్టండి, తడి బ్రేకులతో దిగుడులోకి వెళ్లొద్దు.

మీరిద్దరే కాకుండా తెలిసినవాళ్లు ఒకరైనా తోడుంటే మంచిది. ముందు తెలిసినవాళ్లు, తర్వాత కొత్తవాళ్లు. దుమ్ములో ముందు బండి కనిపించనంత దగ్గరగా వెళ్లకండి. ప్రతి చీలిక దగ్గరా వెనకవాళ్లు కనిపించేదాకా ఆగాలి. ఫోన్ సిగ్నల్ ఉంటుందని లెక్కేయకండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. పంక్చర్ కిట్, చిన్న పంపు, లాగే తాడు, నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె బండికి కట్టుకోండి.

రెండోసారి కొత్త దారి వెతుక్కోనక్కర్లేదు. తిరిగొచ్చిన రోజే మ్యాప్‌లో ఆగిన చోట్లు, భయపడ్డ చోట్లు తేదీతో, వాన పడి ఎన్ని రోజులైందో రాసి గుర్తు పెట్టండి. దారికి అవతలి చివర కూడా బండి దించే చోటుంటే, వచ్చే వారం అటునుంచి మొదలుపెట్టండి. ఓపిక, పెట్రోలు నిండుగా ఉన్నప్పుడు ఎక్కిన చోట్లే ఈసారి అలసిపోయాక వస్తాయి. క్రితంసారి గుర్తు పెట్టినవాటిలో ఎన్ని అలాగే ఉన్నాయో అప్పుడు చూసుకోండి.